కెమెరా చూసింది చెవికి వినిపించే యాప్: మీరే ఇలా తయారు చేసుకోండి

నల్ల కాగితం మీద ఎడమవైపు కింది మూల నుంచి కుడివైపు పై మూల దాకా ఒక తెల్ల గీత గీశారనుకోండి. ఆ గీతను ఇప్పుడు వినాలి. ఎడమ చెవిలో మంద్రంగా ఒక స్వరం మొదలవుతుంది. అది మెల్లగా పైకి ఎక్కుతూ కుడి చెవి వైపు జరుగుతుంది. సరిగ్గా సెకను పూర్తయ్యేసరికి బాగా పై స్వరానికి చేరి ఆగిపోతుంది. గీతను తిరగేస్తే స్వరం పై నుంచి కిందికి దిగుతుంది. చూపు లేనివాళ్ల కోసం మీరు తయారు చేయబోయే యాప్ సారమంతా ఈ ఒక్క సెకనులో ఉంది.

దీని వెనక సూత్రాలు మూడే. బొమ్మను ఎడమ నుంచి కుడికి చదువుతాం, కాబట్టి ముందు వినిపించింది ఎడమన ఉన్నట్టు, తర్వాత వినిపించింది కుడిన ఉన్నట్టు. పైన ఉన్నదానికి హెచ్చు స్వరం, కింద ఉన్నదానికి తగ్గు స్వరం. వెలుగు ఎంత ఎక్కువైతే శబ్దం అంత పెద్దది, చీకటి అంటే నిశ్శబ్దం. ఈ పద్ధతిని పీటర్ మేయర్ అనే డచ్ పరిశోధకుడు 1992లో ప్రచురించారు. అడ్డంగా 64, నిలువుగా 64 చుక్కలు, 16 మెట్ల వెలుగు, ఒక బొమ్మకు సుమారు ఒక సెకను అనేవి ఆయన పెట్టుకున్న లెక్కలు. ఆయన యాప్ పేరు 'ది వాయిస్'. ఆ మాట ఇంగ్లిష్ స్పెల్లింగ్ vOICe లోని మధ్య మూడు అక్షరాలను విడివిడిగా పలికితే 'ఓ, ఐ సీ' అని వస్తుంది. అంటే 'ఆఁ, కనిపిస్తోంది' అని. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఫోటో చూసి 'ఇది కుర్చీ' అని చెప్పే యాప్‌లు ఉండగా ఇదెందుకని అడగొచ్చు. అవి పేరు చెబుతాయి, ఇది ఆకారాన్ని వినిపిస్తుంది. కుర్చీ ఎటు తిరిగి ఉందో, దాని పక్కన సందు ఎంత ఉందో వినేవాళ్లే తేల్చుకుంటారు. తేల్చుకునే పని మనిషికే వదిలేయడం నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన విషయం. పైగా దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, పెద్ద ఏఐ మోడల్ అక్కర్లేదు. పాత ఫోన్ చాలు.

కెమెరా జోలికి ఇప్పుడే వెళ్లకండి

ఈ పని మొదలుపెట్టే వాళ్లంతా ముందు కెమెరా తెరుస్తారు. నేనూ అలాగే చేశాను. గది నిండా ఉన్న వస్తువులన్నీ ఒకేసారి మోగి చెవిలో జోరీగలు తిరిగినట్టు అయింది. తప్పు కెమెరాలో ఉందో, శబ్దంలో ఉందో, నా లెక్కలో ఉందో రెండు వారాల దాకా తేలలేదు. అందుకే చెబుతున్నాను, శబ్దం పని కంప్యూటర్ మీద పూర్తిగా కుదిరాకే ఫోన్ ముట్టుకోండి.

పైథాన్‌లో గానీ, మీకు అలవాటైన మరే భాషలో గానీ 64 వరసలు, 64 నిలువు గళ్లు ఉన్న పట్టిక ఒకటి తయారు చేయండి. ప్రతి గడిలో 0 నుంచి 1 మధ్య ఒక అంకె. 0 అంటే నలుపు, 1 అంటే తెలుపు. ఈ పట్టికే మీ బొమ్మ. దాన్ని ఒక సెకను వేవ్ ఫైల్‌గా మార్చడం మీ మొదటి పని.

ముందు ప్రతి అడ్డు వరసకూ ఒక ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్నది, ఇవ్వాలి. అట్టడుగు వరసకు 500 హెర్ట్జ్, అన్నిటికన్నా పై వరసకు 5,000 హెర్ట్జ్ పెట్టుకోండి. మధ్యలో వాటిని సమానంగా పంచేయాలనిపిస్తుంది. అలా చేస్తే మెట్టుకు 71 హెర్ట్జ్ వస్తుంది, చెవికి మాత్రం అవి సమానంగా వినిపించవు. 500 నుంచి 571కి వెళ్తే పెద్ద గెంతు వేసినట్టుంటుంది. 4,929 నుంచి 5,000కి వెళ్తే తేడా చాలా చిన్నగా వినిపిస్తుంది. చెవి తేడాలను కాదు, నిష్పత్తులను వింటుంది. సరిగమల్లో పై షడ్జమం కింది షడ్జమానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ అయినట్టే ఇదీ. కాబట్టి ప్రతి వరసకూ దాని కింది వరస ఫ్రీక్వెన్సీని 1.0372తో గుణించండి. 63 మెట్లు ఎక్కేసరికి దాదాపు పది రెట్లవుతుంది. అంటే బొమ్మ మొత్తం ఎత్తు మూడు స్థాయిలకు కాస్త ఎక్కువ.

తర్వాత కాలం లెక్క. శాంపిల్ రేటు, అంటే సెకను శబ్దాన్ని ఎన్ని అంకెలుగా రాస్తామన్నది, 48,000 తీసుకుంటే 64 నిలువు వరసలకు ఒక్కోదానికి సరిగ్గా 750 శాంపిళ్లు వస్తాయి, శేషం మిగలదు. ప్రతి శాంపిల్ దగ్గరా 64 సైన్ తరంగాల విలువలను, ఆ గడిలోని వెలుగుతో గుణించి కూడాలి. సెకనుకు 30,72,000 గుణకారాలన్నమాట. ప్రతిసారీ సైన్ ఫంక్షన్ పిలిస్తే పాత ఫోన్లు వేడెక్కిపోతాయి. ఒక పూర్తి తరంగాన్ని 4,096 విలువల పట్టికగా ముందే రాసి పెట్టుకుని, అందులోంచి చదువుకుంటే సరిపోతుంది.

ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది.

ప్రతి నిలువు వరస మొదట్లో తరంగాలను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టకండి. పెడితే సెకనుకు 64 సార్లు 'టక్' మని వినిపిస్తుంది. గీత ఎంత నున్నగా ఉన్నా శబ్దం కుట్టు మిషన్ లాగా ఉంటుంది. ప్రతి అడ్డు వరసకూ దాని తరంగం చక్రంలో ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ఫేజ్‌ను ఒక చోట దాచుకుని, ఆపిన చోటి నుంచే కొనసాగించండి. వెలుగు విలువ కూడా ఒక్కసారిగా మారకూడదు. పాత విలువ నుంచి కొత్త విలువకు మొదటి 150 శాంపిళ్లలో జారుకుంటూ వెళ్లాలి.

64 తరంగాలూ ఒకే ఫేజ్‌తో మొదలైతే అన్నీ ఒకేసారి శిఖరానికి చేరి, స్కాన్ మొదట్లో చెవి అదిరేలా ఒక దెబ్బ పడుతుంది. మొదటి ఫేజ్‌లను రాండమ్‌గా ఇవ్వండి.

మూడోది మొత్తం శబ్దం ఎంత ఉండాలనేది. తెల్ల గోడ ఎదురైతే 64 స్వరాలూ నిండుగా మోగి శబ్దం పగిలిపోతుంది. పోనీ అని మొత్తాన్ని 64తో భాగిస్తే ఒంటరి చుక్క వినిపించనే వినిపించదు. 64కు వర్గమూలమైన 8తో భాగించి, దాని మీద శిఖరాలను మెత్తగా వంచే టాన్‌హెచ్ ఫంక్షన్ పెట్టండి. నాకు ఇదే కుదిరింది.

స్టీరియో సులువు. స్కాన్ ఎడమ నుంచి కుడికి జరిగే కొద్దీ ఎడమ చానెల్‌ను కొసైన్ ప్రకారం తగ్గిస్తూ, కుడి చానెల్‌ను సైన్ ప్రకారం పెంచండి. మధ్యలో శబ్దం తగ్గినట్టు అనిపించకుండా ఉంటుంది.

బొమ్మలు గీసి వినండి

ఇప్పుడు ఒక్కో బొమ్మా పెట్టి చూడండి. ఒంటరి చుక్క చిన్న 'టింగ్' లా వినిపించాలి. అడ్డ గీత సెకను పొడవునా కదలని స్వరం. నిలువు గీత ఒక్కసారి 'ఛక్' మని వచ్చి పోవాలి, ఎందుకంటే అన్ని స్వరాలూ ఒకే క్షణంలో మోగుతాయి. మెట్ల బొమ్మ గీస్తే స్వరం ఆగి, ఎక్కి, ఆగి, ఎక్కుతుంది. దాన్ని మొదటిసారి విన్నప్పుడు నేను కళ్లు మూసుకునే ఉన్నా మెట్లను వేలితో గాలిలో గీయగలిగాను.

ఖాళీ చతురస్రం దగ్గర కాస్త ఆగండి. ముందు ఒక 'ఛక్', తర్వాత పైన ఒక స్వరం, కింద ఒక స్వరం కలిసి సాగుతాయి, చివర మళ్లీ ఒక 'ఛక్'. లోపల ఖాళీ ఉందని ఆ రెండు స్వరాల మధ్య దూరమే చెబుతుంది. చతురస్రాన్ని నింపేస్తే అదంతా పోయి, ఒకే మొత్తంగా 'ఘుం' మంటుంది. ఈ తేడా చెవికి పట్టుబడితే మీ శబ్దం సిద్ధమైనట్టే.

ఒక పరిమితి మాత్రం ముందే తెలుసుకోండి. ఎంత కోడ్ రాసినా ఇది పోదు. ఒక్కో నిలువు వరస వినిపించేది 15.6 మిల్లీసెకన్లే. అంత కొద్ది సమయంలో 64 హెర్ట్జ్ కంటే దగ్గరగా ఉన్న రెండు స్వరాలను విడదీయడం కుదరదు. మన పై వరసల మధ్య దూరం 180 హెర్ట్జ్ దాకా ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అడుగున ఆ దూరం 19 హెర్ట్జే. అందుకే బొమ్మ కింది భాగంలో సన్నటి నిలువు వస్తువులు పైకీ కిందికీ అలుక్కుపోయినట్టు వినిపిస్తాయి. అదే వస్తువు నాలుగైదు నిలువు వరసల వెడల్పుంటే తేటపడుతుంది. కాబట్టి 64ను 128 చేస్తే బొమ్మ రెట్టింపు స్పష్టంగా ఉంటుందని ఆశపడకండి. స్కాన్‌ను రెండు సెకన్లకు పెంచితే స్పష్టత వస్తుంది, కానీ అప్పటికి ఎదురుగా ఉన్న మనిషి పక్కకు వెళ్లిపోయి ఉంటాడు. వేగం మార్చుకునే వీలు వాడేవాళ్ల చేతికే ఇవ్వండి. అర సెకను, ఒకటి, రెండు అనే మూడు వేగాలు చాలు.

ఇప్పుడు కెమెరా

ఆండ్రాయిడ్‌లో అయితే కోట్లిన్ భాష, కెమెరాఎక్స్ లైబ్రరీ తీసుకోండి. అందులోని ఇమేజ్ అనాలిసిస్ భాగం ప్రతి ఫ్రేమ్‌నూ మీ చేతికి ఇస్తుంది. తాజా ఫ్రేమ్ మాత్రమే ఉంచి పాతవి పారేసే పద్ధతిని ఎంచుకోండి. రిజల్యూషన్ 640, 480 అడిగితే చాలు. ఫ్రేమ్ వెలుగునూ రంగునూ వేరుగా ఉంచే వైయూవీ రూపంలో వస్తుంది. దాని మొదటి ప్లేన్‌లో ఉండేది నేరుగా వెలుగే. రంగులను బూడిద రంగులోకి మార్చే పని మీకు తప్పింది.

నడుమ నుంచి 448, 448 చతురస్రం కత్తిరించండి. 448ని 64తో భాగిస్తే 7 వస్తుంది. అంటే మీ పట్టికలో ఒక్కో గడికి 49 పిక్సెళ్లు. వాటన్నిటి సగటు తీయాలి, ఏదో ఒక పిక్సెల్‌ను ఎంచుకుంటే చాలదు. ఒక్కటే ఎంచుకుంటే మసక వెలుతురులో కెమెరా నాయిస్ అంతా గరగరమని వినిపిస్తుంది. సన్నటి తీగ ఒక ఫ్రేమ్‌లో ఉండి ఇంకో ఫ్రేమ్‌లో మాయమవుతుంది.

ఇక్కడి తప్పులను వినే పట్టుకోవచ్చు. ఫ్రేమ్‌లో ఒక అడ్డు వరస మెమరీలో ఆక్రమించే చోటు దాని వెడల్పుకు సమానంగా ఉండాలని లేదు, చివర కొంత ఖాళీ ఉండొచ్చు. ఆ చోటు ఎంతో చెప్పే రో స్ట్రైడ్ విలువను పట్టించుకోకపోతే బొమ్మ ఏటవాలుగా సాగిపోతుంది. నిటారు స్తంభం 'ఛక్' మనడానికి బదులు జారుడు బల్లలా జారుతుంది. అలాగే సెన్సర్ చాలా ఫోన్లలో 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. రొటేషన్ విలువ చూసి పట్టికను తిప్పకపోతే నేల కాస్తా పక్క గోడవుతుంది. ఇంకొకటి, బొమ్మలో సున్నా వరస పైన ఉంటుంది, మన ఫ్రీక్వెన్సీల్లో సున్నా అడుగున ఉంది. తిరగేయడం మరిచిపోతే లోకం తలకిందులుగా వినిపిస్తుంది. వెలుగుతున్న దీపాన్ని పైన పెట్టి, కింద పెట్టి విని చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

పని అయ్యాక ప్రతి ఫ్రేమ్‌ను క్లోజ్ చేయండి. లేదంటే తర్వాతి ఫ్రేములు రావు, యాప్ మొదటి బొమ్మ దగ్గరే ఆగి అదే పాట పాడుతుంది.

శబ్దానికి ఆడియోట్రాక్‌ను స్ట్రీమ్ మోడ్‌లో, విడి థ్రెడ్‌లో నడపండి. ఆ థ్రెడ్ ఎవరి కోసమూ ఆగకూడదు. పట్టికలు రెండు పెట్టుకోండి: కెమెరా ఒకదానిలో రాస్తూ ఉంటుంది, శబ్దం ఇంకోదాన్ని చదువుతూ ఉంటుంది. స్కాన్ మొదలయ్యే క్షణంలో మాత్రమే రెండూ చోట్లు మార్చుకోవాలి. మధ్యలో మార్చితే ఎడమ సగం ఒక క్షణానిది, కుడి సగం ఇంకో క్షణానిది అవుతుంది. అలా రెండు క్షణాలు అతికిన తలుపు లోకంలో ఎక్కడా ఉండదు, కానీ చెవి నమ్మేస్తుంది. స్కాన్‌కూ స్కాన్‌కూ మధ్య చిన్న నిశ్శబ్దం ఉంచితే ఎడమ అంచు ఎక్కడో వినేవాళ్లకు తెలుస్తుంది.

సెకనుకు ఒక్క బొమ్మే కావాలి గనుక ఫ్రేమ్ రేటు బాగా తగ్గించేయొచ్చు. బ్యాటరీకి దీనికి మించిన మేలు లేదు.

ఐఫోన్‌లో కూడా ఇదే దారి. కెమెరాకు ఏవీ క్యాప్చర్ సెషన్, శబ్దానికి ఏవీ ఆడియో ఇంజిన్, అందులో శాంపిళ్లు మీరే పోసే సోర్స్ నోడ్. లెక్కలన్నీ అవే.

ఏది వినిపించకూడదో తేల్చండి

ఇదే అసలు పని. కన్ను ఒకేసారి అంతా చూసి అక్కర్లేనిది వదిలేస్తుంది. చెవికి ఆ వెసులుబాటు తక్కువ, మోగినదంతా మీద పడుతుంది. అందుకే ఏది మోగాలో ఎంత ఆలోచిస్తామో, ఏది మోగకూడదో అంతకు రెట్టింపు ఆలోచించాలి.

మొదట వెలుగు విలువను వర్గం చేయండి. సగం వెలుగున్నది పావు వంతు శబ్దానికి దిగిపోతుంది, బూడిద రంగు గోడలు వెనక్కి తగ్గుతాయి, నిజంగా మెరిసేవి ముందుకొస్తాయి. ఒక హద్దు కంటే తక్కువున్నవాటిని పూర్తిగా సున్నా చేసేయండి. ఇది ఒక్కటి చేసినందుకే నా చెవుల అలసట బాగా తగ్గింది.

తర్వాత ఆటో ఎక్స్‌పోజర్. ఫోన్‌ను కిటికీ వైపు తిప్పగానే కెమెరా తనంతట తాను గదిని చీకటి చేసేస్తుంది, దాంతో బల్ల మాయమైనట్టు వినిపిస్తుంది. బల్ల అక్కడే ఉంటుంది. వినేవాళ్లకు అది తెలిసే దారి లేదు, టెన్షన్ పడిపోతారు. ఎక్స్‌పోజర్‌ను లాక్ చేసే వీలు తప్పక పెట్టండి, లాక్ అయినప్పుడు చిన్నగా వైబ్రేట్ చేయండి.

నలుపు తెలుపులను తారుమారు చేసే ఆప్షన్ కూడా కావాలి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు మామూలుగా అయితే హోరులో దొర్లే ఖాళీలు. తారుమారు చేస్తే నిశ్శబ్దంలో మోగే గీతలు. అంచులు మాత్రమే వినిపించే మోడ్ చాలామంది పెడతారు. నాకది అంతగా నచ్చలేదు. గచ్చు మీది ముగ్గు, పరదా మడతలు, చొక్కా గళ్లు, అన్నీ అంచులే. వస్తువు కంటే దాని మీది డిజైన్ ఎక్కువ మోగుతుంది.

వాడేవాళ్ల చేతిలో పెట్టే ముందు

ఈ యాప్ తెరను చూసి వాడేవాళ్లు తక్కువ. ప్రతి బటన్‌కూ టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ అనే, తెర మీదిది చదివి వినిపించే సాధనాలు పలకగల పేరు పెట్టండి. ఆపడం, మొదలుపెట్టడం తెర మీద ఎక్కడ రెండుసార్లు తట్టినా జరగాలి. టాక్‌బ్యాక్ మాట్లాడుతున్నంతసేపు మీ శబ్దం దానంతట అదే తగ్గాలి, లేకపోతే రెండూ కలిసి ఏదీ అర్థం కాదు.

చెవులను మూసేసే హెడ్‌ఫోన్లు వాడొద్దని యాప్‌లోనే చెప్పండి. కళ్లు లేనివాళ్లకు వీధి శబ్దమే దారి. దాన్ని మూసేసే హక్కు మన యాప్‌కు లేదు. చెవిని తెరిచి ఉంచి, చెంప ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. బ్లూటూత్‌తో ఆలస్యం ఉంటుంది కాబట్టి ఫోన్ వేగంగా తిప్పితే శబ్దం వెనకబడుతుంది, వైరుతో పనిచేసేవి దొరికితే అవే మేలు.

ఇంకొక మాట మొహమాటం లేకుండా రాయండి. ఈ శబ్దంలో దూరం తెలియదు. దగ్గరున్న పుస్తకం, దూరాన ఉన్న తలుపు ఒకే సైజులో మోగొచ్చు. నేలలో గొయ్యి ఉంటే నీడలాగే నిశ్శబ్దంగా ఉంటుంది. తెల్ల కర్రకు ఇది తోడు మాత్రమే, కర్రను పక్కన పెట్టమనే మాట మీ యాప్‌లో ఎక్కడా రాకూడదు. బొమ్మలేవీ ఫోన్‌లో దాచకండి. ఆండ్రాయిడ్‌లో ఇంటర్నెట్ అనుమతి అసలు అడగకపోతే, కెమెరా చూసింది ఈ యాప్ బయటకు పంపదని ఎవరికీ వేరే నచ్చజెప్పక్కర్లేదు.

కొత్తవాళ్లను నేరుగా వీధిలోకి తీసుకెళ్లొద్దు. యాప్‌లోనే ఒక పాఠాల భాగం పెట్టండి: చుక్క ఎక్కడుంది, గీత ఎటు వాలింది, చతురస్రం నిండుగా ఉందా ఖాళీగా ఉందా. మీరు కంప్యూటర్ మీద విన్న వరసలోనే వాళ్లూ వింటారు. వాళ్ల పక్కన కూర్చుని, జవాబు అందించకుండా ఆగడం నేర్చుకోండి. అది కోడ్ రాయడం కంటే కష్టం. ఏ శబ్దం విసిగిస్తోందో వాళ్లు చెబితే అదే రోజు మార్చండి.

పాఠాలయ్యాక నల్ల గుడ్డ పరిచిన బల్ల మీద తెల్ల కప్పు ఒకటి పెట్టండి. ఫోన్‌ను ఎదురుగా, కదలకుండా పట్టుకోమనండి. ముందు నిశ్శబ్దం. తర్వాత కప్పు మొత్తం ఒక ముద్దగా మోగుతుంది. అది ఆగగానే పైన ఒకటి, కింద ఒకటి రెండు సన్నటి స్వరాలు విడివిడిగా బయల్దేరి, ఒకదాని వైపు ఒకటి వంగి, మధ్యలో కలిసి ఆగిపోతాయి. అది కప్పు పిడి. ఇప్పుడు చెప్పకుండా పిడి ఎడమకు వచ్చేలా కప్పును తిప్పేయండి. ఈసారి ఆ రెండు స్వరాలు ముందే వస్తాయి. ఏమీ అడగకండి, చెయ్యి ఎటు వెళ్తుందో మాత్రం చూడండి. ఎడమ వైపు వెళ్లి పిడిని పట్టుకుంటే, మీ యాప్ పనిచేస్తోంది.